హాల్లో మనకో కుర్చీ ఉందా?

మా మార్టూరులో కొత్తగా కట్టిన ఏ ఇంట్లోనైనా కళ్లు మూసుకుని తిరిగేయొచ్చు. మేస్త్రి ప్లాను ఒక్కటే మరి. పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు హాలు. ఒక గోడకి టీవీ, ఎదురుగోడకి సోఫా, నెత్తిన ట్యూబ్‌లైటు, షోకేసులో పిల్లల కప్పులు, ఎన్నడూ కిందికి దించని డిన్నర్ సెట్టు. గ్రానైట్‌కి మాత్రం లోటుండదు. బల్లికురవ, చీమకుర్తి రాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఊరి చుట్టూ ఉన్నాయి కదా! మాదీ అలాంటి ఇల్లే.

2025 మొదట్లో మా ఆడపడుచుకి హైదరాబాదు సంబంధం వచ్చింది. "వాళ్లొచ్చి మన హాలు చూస్తే ఏమనుకుంటారు?" అని మావారికి దిగులు పట్టుకుంది. టౌన్ నుంచి ఒక ఇంటీరియర్ కుర్రాణ్ణి పిలిపించారు. ఫాల్స్ సీలింగ్, టీవీ వెనకాల గాడులు గాడులుగా చెక్క ప్యానెల్, గాజు అరలు... అన్నీ కలిపి 2,70,000 అన్నాడు. మిర్చి ఇంకా కల్లంలోనే ఉంది. ధర పడిపోయి, కేంద్రం కలగజేసుకుని ఫిబ్రవరిలో క్వింటాలుకి 11,781 రూపాయల రేటు ప్రకటించిన ఏడాది అది. "అప్పు తెద్దాంలే" అన్నారీయన.

నేను ఆ కుర్రాణ్ణి ఒక్కటే అడిగాను. "బాబూ, ఈ గాడుల్లో దుమ్మెవరు తుడుస్తారు?"

అతను నవ్వేసి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. హైవే మీది ఊరు. లారీల దుమ్ము, రాతిపొడి పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ సిద్ధం. ఫొటోలో ముచ్చటగా కనిపించే ఆ గాడులన్నీ ఏ ఆదివారమో ఓ ఆడమనిషి గుడ్డ పట్టుకుని తుడవాల్సినవే. ఆమె మాత్రం ఫొటోలో ఉండదు.

"నాకు ఇరవై వేలూ, పదిహేను రోజులూ ఇవ్వండి" అన్నాను.

హాలు తీర్చిదిద్దినట్టు కనిపించాలంటే ముందు చేయాల్సింది కొనడం కాదు, తీసెయ్యడం. జపాను వాళ్ల పాతకాలపు ఇళ్లలో 'టోకొనోమా' అని గోడలో ఒక అర ఉంటుంది. అందులో ఒక పటం, కాసిని పూలు, అంతే. ఋతువుని బట్టి మారుస్తారు. నేనూ షోకేసు ఖాళీ చేసి రెండు కొండపల్లి బొమ్మలు మాత్రం ఉంచాను. ఎరువుల కొట్టు క్యాలెండర్లు మూడూ వంటింట్లోకి పోయాయి. డిన్నర్ సెట్టు వాడకంలోకి దించాను.

తర్వాత సోఫా. దాన్ని గోడ నుంచి జానెడు ముందుకి జరిపి, రెండు కుర్చీలు ఎదురుగా వేస్తే మనుషులు టీవీని కాక ఒకర్నొకరు చూసుకుంటున్నారు. కిటికీ చిన్నదైనా కర్టెన్ రాడ్డు పైన శ్లాబు దగ్గరికి బిగించి, గుడ్డ నేలదాకా దించితే గది ఎత్తు పెరిగినట్టుంటుంది. గుడ్డ చీరాల నేతది. ఉతుక్కోవచ్చు, దుమ్ము పట్టినా బాధ లేదు. పటాలు మన తలకంటే ఎత్తున కాదు, మధ్యభాగం నేలకి అయిదడుగులకి కాస్త తక్కువలో ఉండాలి. రంగులు మూడు మించకూడదు. నేల బూడిదరంగు గ్రానైట్ కాబట్టి గోడలకి మీగడ రంగు వేయించి, దిండ్లకి మాత్రం మా పొలంలో పండే మిర్చి ఎరుపు తెచ్చాను.

అన్నింటికంటే మార్పు తెచ్చింది దీపాలు. 6,500 కెల్విన్ తెల్లని వెలుతురులో ఎంత మంచి హాలైనా బ్యాంకులా ఉంటుంది. 2,700 నుంచి 3,000 కెల్విన్ అని రాసి ఉండే పసుపుఛాయ బల్బులు తెచ్చి, ఒకటి పైన, ఒకటి గోడకి, ఒకటి మూల స్టాండుకి పెట్టాను. మొత్తం ఖర్చు 18,400.

ఆ స్టాండు కిందే కిటికీ పక్కన చిన్న బల్ల, కుర్చీ వేశాను.

"ఇదెవరికే?" అన్నారు అత్తయ్య.

"నాకే అత్తయ్యా."

"ఆడవాళ్లకి హాల్లో కుర్చీ ఏంటే?"

ఆవిడ తప్పేం లేదు. అరుగులు మగవాళ్లవీ, పొగా పెరడూ తనవీ అయిన ఇంట్లో పెరిగారు. ఇళ్లు మారాయి. అరుగు పోయి హాలు వచ్చింది. మనమింకా అక్కడ కాఫీ కప్పులు అందించి వెనక్కి వెళ్లిపోతూనే ఉన్నాం. రాసుకునే ఆడదానికి కొంత డబ్బూ, తనదంటూ ఒక గదీ ఉండాలని వర్జీనియా వూల్ఫ్ 1929లోనే వాదించింది. పదిహేనేళ్లుగా నేను కథలు రాసింది గ్యాస్ గట్టు మీద, కుక్కర్ కూతల మధ్య. గదిదాకా ఎందుకు, నాకు ఒక మూల చాలనిపించింది.

పెళ్లివారు వచ్చారు. ఆడపడుచు మధ్యలో తలొంచుకుని కూర్చోలేదు, ఎదురు కుర్చీలో కూర్చుని తన ఉద్యోగం గురించి మాట్లాడింది. సంబంధం కుదరలేదు. కట్నం దగ్గర ఆగింది. అప్పు చేసి సీలింగ్ వేయించుంటే ఆ వడ్డీ ఇప్పటికీ కడుతుండేవాళ్లం.

అందంగా పెట్టుకోవద్దని నేననడం లేదు. మీరూ పెట్టుకోండి. కానీ డిజైనర్ టేపు తీసి గోడలు కొలవడానికి ముందే రెండు సంగతులు అడగండి: ఇది తుడిచేదెవరు? ఇందులో నేనెక్కడ కూర్చుంటాను?

ఇది ఆ కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. కాస్త తొందరగా ముగించాలి. మూడయ్యేసరికి అత్తయ్య పేపరూ, కళ్లజోడూ పట్టుకుని వచ్చేస్తారు, మధ్యాహ్నం పూట ఆ కుర్చీ ఆవిడది.