ఓటు లేని ప్రతినిధి

ప్రజాప్రతినిధి యనగానే శాసనసభయో, పార్లమెంటో స్ఫురించును. ఎన్నికలో గెలిచి, సభలో కూర్చుండి, బిల్లులపై ఓటు వేయువాడే ప్రతినిధి యని లోకవాడుక. ఇందుకు భిన్నముగా, మాట్లాడు హక్కు తప్ప ఓటు వేయు హక్కు లేని ప్రతినిధులను ఎన్నుకొను ఆచారమొకటి లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతమున 2015 నుండి నెలకొన్నది. అడవులు, నదులు, గనులు, ఆనకట్టలు మున్నగు వానికి సంబంధించిన హక్కులనుగూర్చి ప్రభుత్వములు తమలో తాము సంప్రదించుకొనునప్పుడు సామాన్య ప్రజల పక్షమున అచ్చట కూర్చుండుట వీరి విధి. ఓటు లేని చోట మాటకు విలువ యెంత? ఆ ప్రాంతపు అనుభవమును పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము లభించును.

దీనికి మూలము 1992లో రియో డి జనీరో నగరమున జరిగిన ప్రపంచ దేశముల సమావేశము. ఆనాటి ప్రకటనలోని పదవ సూత్రము మూడు హక్కులను పేర్కొన్నది. పరిసరములనుగూర్చి ప్రభుత్వమునకు తెలిసిన సమాచారము ప్రజలకును తెలియవలెను. నిర్ణయములలో వారికి భాగముండవలెను. అన్యాయము జరిగినచో న్యాయస్థానపు తలుపు తెరచి యుండవలెను. ఐరోపా దేశములు 1998లో డెన్మార్కులోని ఆర్హూస్ నగరమున దీనిని ఒడంబడికగా మార్చుకొన్నవి. సూత్రము పుట్టిన ఖండమునందు మాత్రము అది ఇరువది యేండ్లు సూత్రముగనే మిగిలినది. 2012లో అదే రియో నగరమున పది దేశములు ముందునకు వచ్చి, తమ ప్రాంతమునకును అట్టి సాధనము కావలెనని ప్రకటించినవి. ఆపై సంప్రదింపులు సాగి, 2018 మార్చి 4న కోస్టారికాలోని ఎస్కాసూ పట్టణమున ఒడంబడిక ఆమోదము పొందినది. 2021 ఏప్రిల్ 22న అమలులోనికి వచ్చినది.

ఒడంబడిక వ్రాయబడిన విధానమే ఇందలి విశేషము. దేశముల మధ్య ఒప్పందములు సాధారణముగా మూసిన తలుపుల వెనుక తయారగును. ప్రజలకు తెలియునప్పటికి సంతకములు ముగిసి యుండును. ఇచ్చట అట్లు జరుగలేదు. శాంటియాగోలోని ఐక్యరాజ్యసమితి ప్రాంతీయ ఆర్థిక సంఘము ఆధ్వర్యమున ఒక జాబితా తెరవబడినది. ఆసక్తి గలవారు అందు పేరు నమోదు చేసికొనవచ్చును. అట్లు నమోదైనవారు 2015లో ఆరుగురిని ఎన్నుకొనిరి. వారిలో ఇద్దరు ముఖ్య ప్రతినిధులు, నలుగురు ప్రత్యామ్నాయులు. ఆ ఇద్దరును మహిళలే. ఒకరు చిలీకి చెందిన ఆండ్రియా సాన్వేసా, రెండవవారు జమైకాకు చెందిన డానియెల్ ఆండ్రేడ్. వీరు రాయబారుల నడుమ కూర్చుండి ముసాయిదాలోని నిబంధనలపై అభిప్రాయములు చెప్పిరి, సవరణలు సూచించిరి. ఐతే ఏదైనను ఒక దేశము బలపరచినగాని వారి సూచనకు ముసాయిదాలో చోటు దొరకదు. ఓటు లేని ప్రతినిధికి గల పరిమితి ఇది. బలమును ఇందే యున్నది. ఏ దేశము దేనిని బలపరచినదో, దేనిని తోసిపుచ్చినదో చూచుచున్న కన్ను ఒకటి ఆ గదిలో నుండినది.

ఆ కన్ను ఎందుకు కావలసి వచ్చినదో తెలియుటకు ఆ ఖండపు నెత్తుటి చరిత్రను తలచిన చాలును. బ్రెజిల్ అడవులలో రబ్బరు కార్మికులను కూడగట్టిన చికో మెండిస్ 1988 డిసెంబరులో హత్యకు గురియయ్యెను. హోండురాస్‌లో గ్వాల్కార్కే నదిపై తలపెట్టిన ఆనకట్టను ప్రతిఘటించిన లెంకా జాతి నాయకురాలు బెర్తా కాసెరెస్ 2016 మార్చిలో తన యింటిలోనే కాల్చి చంపబడెను. అప్పటికి ఒడంబడికపై సంప్రదింపులు నడచుచునే యున్నవి. గ్లోబల్ విట్నెస్ సంస్థ లెక్క ప్రకారము 2023లో భూమిని, పరిసరములను కాపాడబూని ప్రాణములు కోల్పోయినవారు ప్రపంచమున 196 మంది. వారిలో 166 మంది లాటిన్ అమెరికావారే. ఒక్క కొలంబియాలోనే 79 మంది. ఈ స్థితిలో ఎస్కాసూ ఒడంబడికలోని తొమ్మిదవ అధికరణము అట్టి వారికి రక్షణ కల్పించుట ప్రభుత్వముల విధి యని శాసించినది. చట్టబద్ధమైన అంతర్జాతీయ ఒడంబడికలలో ఇట్టి నిబంధన ఇదియే మొదటిది. కొలంబియా 2024లో ఇందులో చేరినది.

ఐనను ప్రజలకు దొరకిన చోటు నిరాటంకముగా నిలువలేదు. 2022 ఏప్రిల్‌లో శాంటియాగోలో భాగస్వామ్య దేశములు తొలిసారి సమావేశమైనప్పుడు, నిర్వాహక వర్గపు చర్చలలో ప్రజల ప్రతినిధికి తావుండవలెనా యను వివాదము చెలరేగినది. ఎడతెగని వాదోపవాదముల పిదప ఆ తావు దక్కినది. మరుసటి యేడు బ్యూనస్ ఎయిరిస్‌లో అమలును పర్యవేక్షించు ఏడుగురు సభ్యుల సంఘము ఎన్నికైనది. ప్రజలు నేరుగ ఈ సంఘమునకు ఫిర్యాదు పంపుకొనవచ్చును. 2024లో పరిసరముల రక్షకులకొరకు ఒక కార్యాచరణ ప్రణాళికయు ఆమోదింపబడినది. ఒడంబడికకు వెలుపల నున్న దేశములును కలవు. పెరూ పార్లమెంటు సంఘము 2020లోను, 2022లోను దీనిని త్రోసిపుచ్చినది. ఒడంబడికకు పేరిచ్చిన కోస్టారికాలోనే 2023లో ఆమోద ప్రతిపాదన మూలబడినది. సార్వభౌమాధికారము సన్నగిల్లునని ఒకచోట, పెట్టుబడులు బెదరునని మరియొకచోట అభ్యంతరము.

విమర్శకుల మరియొక ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఈ ప్రతినిధులను ఎన్నుకొన్నది ఎవరు? కంప్యూటరు ద్వారా పేరు నమోదు చేసికొనగలవారు. తంతి తపాలా సైతము సరిగా చేరని అమెజాన్ లోతట్టులో నివసించు ఆదివాసి ఈ ఓటరుల పట్టికలోనికి ఎట్లెక్కును? గని త్రవ్వకము వలన ఊరు కోల్పోవువానికంటె రాజధానిలోని సంస్థ ఉద్యోగికి ఈ ఎన్నిక సులభము. ఇది నిజము. కాని దీనికి విరుగుడు చోటును రద్దుచేయుట కాదు; పట్టికను అడవి అంచు వరకు తీసికొనిపోవుట, ఆదివాసుల భాషలలో సమాచారమిచ్చుట.

ఈ సమస్య ఆ ఖండమునకే పరిమితము గాదు. దక్షిణాసియాలో ఇట్టి ప్రాంతీయ ఒడంబడిక లేదు. భారతదేశమున పెద్ద ప్రాజెక్టులపై ప్రజాభిప్రాయ సేకరణ 1997లో తప్పనిసరియైనది. 2006 నోటిఫికేషను దానిని విస్తరించినది. తెలుగునాటను గనులు, విద్యుత్కేంద్రములపై ఇట్టి సభలు జరుగుచున్నవి. కలెక్టరో, ఆయన ప్రతినిధియో అధ్యక్షత వహించును. రైతు మైకు ముందు నిలిచి తన గోడు చెప్పుకొనును. అది మినిట్సులోని కెక్కును. నిర్ణయము వేరొకచోట జరుగును. ఆ రెండవ చోట రైతు పక్షమున ఎవ్వరును లేరు. మాటయే నిర్ణయమైన సందర్భమును లేకపోలేదు. ఒడిశాలోని నియమగిరి కొండపై బాక్సైటు త్రవ్వకమునుగూర్చి సుప్రీంకోర్టు ఆదేశము మేరకు 2013లో పండ్రెండు పల్లెల గ్రామసభలు కూడినవి. పండ్రెండును వలదనినవి. కేంద్ర ప్రభుత్వము 2014లో అనుమతి నిరాకరించినది.

ఎస్కాసూ ప్రతినిధికి నియమగిరి గ్రామసభకున్న అధికారము లేదు. అభిప్రాయ సేకరణలో నిలిచిన రైతునకు లేనిది మాత్రమొకటి యున్నది: చెప్పిన మాటకు సమాధానము వచ్చువరకు అదే గదిలో కూర్చుండు హక్కు. గని గుంత తమ పొలము అంచున త్రవ్వబడునని గ్రామస్థులు గెజిట్లో కాక ముందుగనే వినుటకు ఆ హక్కు దారి. ఆ దారిని ఎంతమంది నడువగలరన్న దానిమీదనే ఎస్కాసూ భవిష్యత్తు ఆధారపడి యున్నది.