ముందు మీరు వెనక కూర్చోండి

మా బామ్మర్ది పోయిన చలికాలంలో రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎర్రటిది, స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే మనకే గుండె దడ. "ఎనకాల రెండు సీట్లున్నయ్ బావా, పిల్లలు మంచిగ వడ్తరు" అన్నాడు. ఇంట్లో ఒప్పించింది కూడా ఆ రెండు సీట్లు చూపించే.

ఒక ఆదివారం మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువుకు బయల్దేరాం. అతను, నేను, వాళ్ల ఆరేళ్ల పాప, మా తొమ్మిదేళ్లవాడు. ముందు సీటు వీపు వంచి, పాపను చంకల కింద పట్టుకొని లోపలికి దించి, బూస్టర్ మీద కూర్చోబెట్టి, బకిల్ కోసం సందులో తడుముతుంటేనే నా నడుం పట్టేసింది. నేను కూర్చుందామని సీటు వెనక్కి జరిపితే మావాడు "డాడీ, మోకాళ్లు!" అని అరిచాడు. ముందుకు జరిగితే నా మోకాళ్లు డాష్‌బోర్డుకు. కండ్లకోయలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే బామ్మర్ది మొహం వెలిగిపోయింది. వెనక పిల్లలకు మాత్రం కనిపించేవి మా సీట్ల వీపులే. అద్దం దించుకుందామన్నా దిగేది కాదు. శామీర్‌పేటలో దిగకముందే పాప వాంతి చేసుకుంది. ఆ సందులో తుడవాలంటే చెయ్యి సన్నగా, ఓపిక లావుగా ఉండాలి.

ఆ సీట్లు దండగ అనను. పోర్షే 911లో 1964 నుంచీ ఉన్నాయి. ఐదారేళ్ల పిల్ల, పది నిమిషాల దారి అయితే సరిపోతాయి. కానీ వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు అక్కడ పట్టడం కష్టం. పిల్లవాడు కాస్త పొడుగయ్యాడా, తల పైకప్పుకు ఆనుతుంది. మధ్యలో మిగిలేది నాలుగైదేళ్లే.

నలుగురు ఒకే బైకు మీద పోయే ఊళ్లో ఇదేం ముచ్చట అంటారేమో. ఔటర్ మీద బైకులకు దారి లేదు, కార్లకు గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి. ఆ వేగంలో ఇరుకు కన్నా బెల్టు సంగతి పెద్దది. మన దేశంలోకి 2016లో వచ్చిన ఇలాంటి రెండు డోర్ల కారు ఫోర్డ్ మస్టాంగ్‌కు 2017 జనవరిలో యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఐదింటికి రెండే స్టార్లు వచ్చాయి. పిల్లల రక్షణలో 32 శాతం. గుద్దుకున్న క్షణంలో బెల్టును బిగించే ప్రీటెన్షనర్లు వెనక సీట్లకు లేకపోవడం ఒక కారణం. కొన్ని మార్పులు చేశాక మూడు స్టార్లయ్యాయి. మన మోటారు వాహనాల చట్టంలోనూ సెక్షన్ 194బి ఉంది: పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

అంత ఖరీదు కార్లదాకా ఎందుకు, మూడు డోర్ల థార్‌లోనూ వెనక్కి పోవాలంటే ముందు సీటు వంచాల్సిందే. 2024 ఆగస్టులో ఐదు డోర్ల థార్ రాక్స్ ఎందుకొచ్చిందో పిల్లలున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

బామ్మర్ది ఇప్పుడు ఆదివారం పొద్దున్నే నా పాత వ్యాగన్ఆర్ తాళం అడుగుతున్నాడు. మీరూ అట్లాంటి కారు మీద మనసు పడితే టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ షోరూమ్ కుర్రాడికి ఇవ్వండి. కండ్లకోయ నుంచి శామీర్‌పేట దాకా మీరే వెనక కూర్చోండి. దిగాక కూడా కొనాలనిపిస్తే కొనండి.