చూసే కళ్ళకా? కూర్చునే నడుముకా?

పెళ్ళిచూపుల్లో పిల్ల కాస్త పొడుగని వంక పెట్టినవాళ్ళని చాలామందిని చూశాను గానీ, కారు పొడుగని వంక పెట్టినవాణ్ణి చూడ్డం ఇదే మొదలు. వాడెవడో కాదు, మా చిన్నాడే!

కారుకి కొత్త స్ప్రింగులు వేయిస్తాట్ట. పాతవి విరిగాయా అంటే లేదు. చప్పుడు చేస్తున్నాయా అంటే అదీ లేదు. "చక్రానికీ పైరేకుకీ మధ్య అంత సందేమిటమ్మా, అసహ్యంగా!" అన్నాడు. ఫోన్లో బొమ్మలు చూపించాడు. 25 మిల్లీమీటర్లు దించేవి, 40 దించేవి, ఎర్రవి, నీలంవి. చీరలకొట్లో కూర్చోబెట్టినట్టు "ఏవి బావున్నాయి?" అనడిగాడు.

నాకు తెలీకడుగుతాను, స్ప్రింగుని ఎంచుకోవలసింది రంగు చూసా? అసలు ఆ కారులో కూర్చునేదెవరు? స్టీరింగు ముందు వాడు. వెనక సీట్లో 82 ఏళ్ళ మా అత్తగారు, ఆరోనెల కోడలు, మోకాళ్ళ నొప్పుల నేను. డిక్కీలో బియ్యం బస్తా. మా ముగ్గుర్లో ఒక్కరినైనా సలహా అడిగాడా?

స్ప్రింగు సంగతి మనకి తెలీనిదేం కాదు. గోతిలో చక్రం పడితే, ఆ దెబ్బ మనకి తగలకుండా తను నలిగి మళ్ళీ లేచేదే స్ప్రింగు. ఇంటికోడలి లాంటిదనుకోండి! కారుని కిందికి దించితే అది నలగడానికి చోటు తగ్గిపోతుంది. అందుకని పొట్టి స్ప్రింగుని గట్టిగా చేస్తారు. అదీ చాలకపోతే లోపల అడ్డంగా ఉండే రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. అంటే గోతి దెబ్బ తిన్నగా మన వెన్నుపూసకే! పాత షాక్ అబ్జార్బర్లు ఉంచి స్ప్రింగులొక్కటే మారిస్తే, అవీ తొందరగా పాడవుతాయి.

ఇక స్పీడు బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి కొలత 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. అంత వెడల్పుంటే కారు మెల్లిగా ఎక్కి మెల్లిగా దిగుతుంది. మా వీధిలోది ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో పోసింది. ఎత్తు అంతే, వెడల్పు మాత్రం చాటంత! ముందు చక్రాలు దాటేసరికి అది సరిగ్గా కారు పొట్టకింద ఉంటుంది. ఖాళీ కారు కింద 170 మిల్లీమీటర్ల జాగా ఉందని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. అందులో 40 తీసేస్తే 130. ఆ దిబ్బకి 100 పోతే మిగిలింది 30, అంటే రెండువేళ్ళ సందు. మేం ముగ్గురం, బియ్యం బస్తా ఎక్కాక అదైనా మిగుల్తుందా? నెలనెలా కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళే దారి అదే మరి!

వాడి వాదనలో నిజం లేదనను. కారు బరువు నేలకి దగ్గరైతే మలుపుల్లో తక్కువ ఒరుగుతుంది. నున్నటి రేసుట్రాకు మీద అది గొప్పే. మా కాలనీలో రేసులు ఆడేది కుక్కలొక్కటే.

"కొత్తవి దండగ, పాతవే ఓ చుట్టు కోసేస్తాను" అన్నాట్ట మెకానిక్కు. ఇది మరీ ఘోరం. కోసిన కొస తన చోట్లో సరిగ్గా కూర్చోదు. చక్రం గోతిలోకి వేలాడినప్పుడు స్ప్రింగు పక్కకి తప్పుకునే ప్రమాదం ఉంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్, తయారుచేసినవారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. రేపేదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు వెతికేది ఇలాంటి వంకలే కదా!

నా కోపం స్ప్రింగుల మీద కాదు. వంటింటి గట్టు ఎత్తు దగ్గర్నుంచి బస్సు మెట్టు ఎత్తు దాకా, వాడేవాళ్ళనడక్కుండా చూసేవాళ్ళ ముచ్చటకోసం నిర్ణయించే అలవాటు మీద. రోడ్డుపక్క నిలబడి అరక్షణం చూసి "అబ్బ!" అనేవాడికోసం, లోపల గంటసేపు కూర్చునేవాళ్ళు "అమ్మా!" అనాలా?

అందుకే మావాడికి ఒకే ఒక షరతు పెట్టాను. కావలసిన స్ప్రింగులు వేయించుకో నాయనా, కానీ ముందు అవి ఉన్న ఏ స్నేహితుడి కారులోనైనా వెనక సీట్లో కూర్చుని, మన వీధిలో పదిసార్లు తిరిగిరా, అన్నాను.

మూడుసార్లు తిరిగి, నడుం పట్టుకుని ఇంట్లోకొచ్చాడు. బొమ్మలున్న ఫోను మళ్ళీ నాకు చూపించలేదు.