వాట్లు తర్వాత, ముందు ఎర్త్ సంగతి తేల్చుండ్రి

 

గ్రూపుల యాంప్ లొల్లి చూస్తున్న. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మన బ్యాండ్‌కు గిటార్ యాంప్ కొనాలని పైసలు జమ చేస్తున్నరు. చాలా మంచి పని. కానీ చర్చ అంతా ట్యూబ్ యాంపా, 100 వాట్లా, ఏ కంపెనీ అన్న కాడనే తిరుగుతున్నది. ఆ యాంప్‌ను యాడ పెట్టి, ఏ కరెంట్‌తోని వాయిస్తమో ఒక్కరూ అడుగుతలేరు. నాకు కోపం అందుకే.

ముందు ట్యూబ్ ముచ్చట. యూట్యూబ్‌ల ఫెండర్ ట్విన్ రివర్బ్ సౌండ్ విని మురిసిపోతున్నరు. సౌండ్ బాగనే ఉంటది, కాదన్న. అది 85 వాట్ల పెట్టె, బరువు 29 కిలోల దాకా ఉంటది. లోపల ఉండేవి గాజు ట్యూబులు. గోదావరిఖని నుంచి టాటా ఏస్‌ల ఏసుకొని గుంతల రోడ్ల మీద గూడేనికి పోతే ఆ ట్యూబులు ఎన్ని ట్రిప్పులు ఆగుతయి? ఒకటి పోతే మన ఖనిల ఎవరు మారుస్తరు? ట్యూబ్ యాంప్ వద్దనుకుంటే 1975ల వచ్చిన రోలాండ్ జాజ్ కోరస్ ఉన్నది, ట్రాన్సిస్టర్‌దే, శుభ్రమైన సౌండ్. కానీ బరువుల అదీ ట్విన్‌కు తమ్ముడే.

ఇగ వాట్లు. 50 వాట్ల యాంప్ కంటే 100 వాట్లది రెండింతలు గట్టిగ మోగుతదని చాలామంది అనుకుంటున్నరు. అట్ల కాదు. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపియ్యాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలె. డీజే బాక్సులతోని పోటీ పడాలని ఇంకొక తమ్ముడు రాసిండు. తమ్ముడూ, ఆ పోటీ మనకెందుకు? మన స్టేజి మీద డోలు ఉంటది, పెప్రె ఉంటది, ప్రధాన్ పెద్దమనుషులు వస్తే కిక్రి ఉంటది. మూడు తీగల కిక్రి ఎంత సన్నగ పలుకుతదో విన్నోళ్లకు తెలుసు. దాని పక్కన 100 వాట్ల డిస్టార్షన్ పెడితే కథ చెప్పే పెద్దమనిషి గొంతు కూడా మునిగిపోతది. గిటార్ మనది కాదు, వద్దే వద్దనే పెద్దలతోని నేను ఒప్పుకోను. గిటార్ ఉండాలె. కానీ డోలు కింద ఉండాలె, మీద కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు అంటే వాన. నేల తడి. మనోళ్లు ఉత్త కాళ్లతోని ఆడుతరు. స్టేజికి కరెంట్ యాడికెల్లి వస్తది? పక్క ఇంటి బోర్డుకెల్లి, లేకుంటే స్తంభానికి కొక్కెం ఏసి. ప్లగ్ దొరకకపోతే వైర్లు బయటికి తీసి సాకెట్‌ల అగ్గిపుల్లలు గుచ్చుతరు. యాంప్ గుయ్యిమంటే మూడో పిన్ తీసేయమని సలహా ఇస్తరు. ఆ గుయ్యిమనుడు నిజంగనే పోతది, ఎందుకంటే యాంప్, మిక్సర్ వేర్వేరు దారుల్ల ఎర్త్ అయితే నడుమ ఏర్పడ్డ లూప్ తెగుతది. కానీ దానితోపాటు మన ప్రాణానికి ఉన్న కాపలా కూడా తెగుతది. ఆ తర్వాత యాంప్ లోపల ఒక వైరు ఊడి డబ్బాకు తాకిందనుకో, 230 వోల్టులు కేబుల్ పట్టుకొని గిటార్ తీగల మీదికి వస్తయి. ఆ తీగలు పట్టుకొని పిల్లగాడు మైక్‌కు మూతి ఆనిస్తడు.

ఇది నేను భయపెట్టనీకి చెప్తలేను. 1972 మే 3న బ్రిటన్‌ల స్వాన్సీ అనే ఊళ్లె స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే స్టేజి మీదనే ఎర్త్ సరిగ లేని మైక్ ముట్టి చనిపోయిండు. 1976ల యార్డ్‌బర్డ్స్ పాటగాడు కీత్ రెల్ఫ్ ఇంట్ల గిటార్ వాయిస్తుండంగనే షాక్ కొట్టి పోయిండు. పేరున్న బ్యాండ్‌లోళ్లకే అట్లయింది, మన గూడెం స్టేజి ఎంత? మన పక్కనున్న రామగుండం ఎన్టీపీసీ ఒక్కటే 2600 మెగావాట్ల స్టేషన్. దానికి బొగ్గు మన బాయిలకెల్లే పోతది. మన స్టేజికి మాత్రం సరైన ఒక ఎర్త్ తీగ దిక్కు లేదు.

అందుకే నా ఓటు బ్యాటరీ యాంప్‌కు. రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ అని ఉన్నది. 50 వాట్లు, ఎనిమిది పెన్సిల్ సెల్లులతోని నడుస్తది, ఒక్కడే చేత పట్టుకొని నడవొచ్చు, మైక్‌కు కూడా ఇన్‌పుట్ ఉంటది. దాని తమ్ముడు ఉత్త క్యూబ్ స్ట్రీట్ 5 వాట్లే, డోలు ముందు సరిపోదు, అది కొనకుండ్రి. సెల్లుల మీద నడిచినంతసేపు గిటార్‌కు మెయిన్ లైన్‌తోని సంబంధమే ఉండదు. సౌండ్ ఇంకా కావాలంటే యాంప్ ముందు ఒక మైక్ పెట్టుండ్రి. కేబుల్ తీసుకపోయి నేరుగ మిక్సర్‌కు గుచ్చితే మళ్లీ మొదటికే వస్తది.

పాడేటోళ్ల మైక్‌లనే కరెంట్ ఉంటే బ్యాటరీ యాంప్ కూడా కాపాడదు. గందుకే యాంప్ పైసలల్ల కొంత తీసి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు ఒకటి కట్టియ్యాలె. అది మన సొంతం, ఏ ఊరికి పోయినా మన వెంట రావాలె. సౌండ్ అన్నలు ఏమన్న అననీ, మైక్ జాలీకి టెస్టర్ పెట్టి చూడకుండ ఎవ్వలూ స్టేజి ఎక్కొద్దు.

ట్యూబ్ యాంప్ కావాలనే అన్నలు కింద కామెంట్ల మీ లెక్క రాయుండ్రి. సౌండ్ గురించి తర్వాత మాట్లాడుదం. ముందు మీ యాంప్ మూడో పిన్ యాడ గుచ్చుతరో రాయుండ్రి.