గుండె ఆగితే మొదటి పది నిమిషాలు ఊరివే

ఈ నడుమ అసొంటి వీడియోలు మన ఫోన్లకు వస్తనే ఉన్నయి. బరాత్‌ల ఎగురుతున్న పిలగాడు ఉన్నకాడనే కూలిపోతడు. క్రికెట్ ఆడుతూ ఒకడు, జిమ్ముల ఒకడు, బడికి నడిచిపోతూ ఒక చెల్లె. 2023 ఫిబ్రవరిల నిర్మల్ జిల్లాల పెండ్లి రిసెప్షన్ కాడ డ్యాన్స్ చేస్తూ 19 ఏండ్ల పిలగాడు పడిపోయిన వీడియో దేశమంతా తిరిగింది. వీడియోలు మారుతయి గాని కింద రాసే మాటలు మారవు. "వ్యాక్సిన్ వల్లనే" అని ఒకరు. "ఫారం కోడి తింటే గట్లనే అయితది" అని ఒకరు. "డీజే సౌండుకు" అని ఇంకొకరు. "వాని టైమ్ గంతే రాసి ఉన్నది" అని పెద్దమనుషులు.

నేను ఆ వీడియోలను వేరే తీరుగ చూస్త. పిలగాడు పడ్డంక ఎన్ని సెకన్లకు ఎవరన్న పక్కన మోకాళ్ల మీద కూసొని, ఛాతీ మీద చేతులు పెట్టి ఒత్తిండ్రా అని చూస్త. చానా వీడియోలల్ల ఆ ముచ్చటే ఉండది. ఒకరు నీళ్లు చల్లుతరు, ఒకరు చెంపల మీద కొడుతరు, నలుగురు కాళ్లు చేతులు పట్టుకొని ఆటోల ఏస్తరు. ఆటో పోతది. పిలగాడు ఆడనే పోయిండని ఎవ్వరికి తెల్వది.

నేను డాక్టర్ను కాదు. పెద్ద చదువు కూడ చదువలె. సర్కారు దవాఖానల కోసం కొట్లాడుకుంట, డాక్టర్లను నర్సులను అడుక్కుంట, దొరికింది చదువుకుంట నేర్చుకున్నోన్ని. నేర్చుకున్న దాంట్ల ఊరి పోరగాండ్లకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. గుండె ఆగినంక మొదటి పది నిమిషాలు పట్నంల ఉన్న కార్పొరేట్ దవాఖాన చేతుల ఉండయి. పక్కన నిలబడ్డ మన చేతుల ఉంటయి.

పైపు జామ్ వేరు, కరెంటు ట్రిప్ వేరు

మన పేపర్లు అన్నిటిని కలిపి 'గుండెపోటు' అని రాస్తయి. రెండు వేరు వేరు ముచ్చట్లు. బోరు మోటరు నడిపినోళ్లకు ఇది జల్ది సమజైతది. మోటరుకు నీళ్లు వచ్చే పైపు చెత్తతోని మూసుకపోతే మోటరు గుంజలేక గుంజలేక ఖరాబైతది. అది గుండెపోటు. గుండె కండకు నెత్తురు మోసే నాళం మూసుకపోవుడు. ఎక్కువగ నడివయసు దాటినోళ్లకు వస్తది. మనిషికి ఛాతీల నొప్పి లేస్తది, చెమటలు పోస్తయి, చానామంది మాట్లాడుతనే ఉంటరు.

పైపు మంచిగనే ఉండి కరెంటు లైన్ల తేడా వచ్చి మోటరు ఒక్కసారి గడగడ వణికి ఆగిపోతే? అది కార్డియాక్ అరెస్టు. గుండెను కొట్టించే కరెంటు లయ తప్పుతది. గుండె వణుకుతది గాని నెత్తుర్ని తోయదు. మనిషి సెకన్లల్ల సోయి తప్పుతడు. పదిహేను, పదహారు ఏండ్ల పిల్లలు ఆడుకుంట ఆడుకుంట కూలిపోయేది ఎక్కువగ ఇట్లనే.

కారణాలు కూడ ఉన్నయి. పుట్టుకతోనే గుండె కండ మందంగ ఉండుడు ఒకటి. గుండె కరెంటు లైన్ల పుట్టుకతో వచ్చే లోపం ఒకటి. గుండె నెత్తురు నాళం ఉండాల్సిన కాడ కాకుండ వేరే దిక్కు నుంచి పుట్టుడు ఒకటి. వైరస్ జ్వరం తర్వాత గుండె కండకు వాపు వచ్చుడు ఇంకొకటి. ఛాతీకి బంతి గట్టిగ, తగలరాని క్షణంల తగిలినా గుండె లయ తప్పుతది.

మరి వ్యాక్సిన్ ముచ్చట? ఐసీఎంఆర్ 47 దవాఖానల నుంచి 18 నుంచి 45 ఏండ్ల లోపల అకస్మాత్తుగ సచ్చిపోయినోళ్ల వివరాలు తీసి, 2023ల అధ్యయనం అచ్చేసింది. వ్యాక్సిన్ వల్ల ఇట్లాంటి చావుల ముప్పు పెరిగినట్టు అండ్ల తేలలే. ముప్పు పెంచినయి ఏవంటే: ఇంట్ల ఎవరన్న గిట్లనే అకస్మాత్తుగ పోయి ఉండుడు, కోవిడ్‌తోని దవాఖానల పడి ఉండుడు, చావుకు ముందు రెండు రోజులల్ల విపరీతంగ తాగుడు, మత్తు మందులు, విపరీతమైన కసరత్తు. అండ్ల 18 ఏండ్ల లోపు పిల్లల లెక్క లేదు, అది యాదిల పెట్టుకోవాలె. అయినా వాట్సాప్‌ల తిరిగే మాటకంటే ఇది చానా గట్టి మాట.

అమెరికాల ఒక పద్దెనిమిదేండ్ల పిలగాడు

2023 జూలై 24న అమెరికాల, లాస్ ఏంజెలెస్‌ల, బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ చేస్తున్న బ్రానీ జేమ్స్‌కు కార్డియాక్ అరెస్టు వచ్చింది. పెద్ద ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కొడుకు. అప్పుడు వానికి 18 ఏండ్లు. మూడు రోజులకు దవాఖాన నుంచి ఇంటికొచ్చిండు. పుట్టుకతోనే గుండెల లోపం ఉన్నదని తర్వాత తేలింది, దానికి వైద్యం చేసిండ్రు. అదే డిసెంబర్‌ల మల్ల ఆటకు దిగిండు. 2024 అక్టోబర్‌ల నాయినతోని కలిసి ఒకే జట్టుల ఎన్‌బీఏ ఆట ఆడిండు. ఆ లీగ్ చరిత్రల తండ్రీకొడుకులు కలిసి ఆడుడు అదే మొదలు.

"పైసలున్నోని కొడుకు, బతుకడా" అని మీరు అంటరు. పైసలు దవాఖానల పనిచేసినయి, నేను కాదన. కానీ పైసలు పనిచెయ్యాలంటే ముందు వాడు దవాఖాన దాక పానంతోని పోవాలె కదా. యూనివర్సిటీ ఆటల విభాగం వైద్య సిబ్బంది ఆలస్యం లేకుండ, సరిగ్గ స్పందించుడు వల్లనే వాడు బతికిండని గుండె డాక్టరే చెప్పిండు. లెబ్రాన్ జేమ్స్ ఆస్తి మన మండలానికి రాదు. ఆ సిబ్బందికి తెలిసిన పని మాత్రం మన పీఈటీ సారుకు, ఇంటర్ చదివే చెల్లెకు రెండు మూడు గంటలల్ల నేర్పొచ్చు.

మన గ్రౌండుల ఏమైతది

ఇగ మన దిక్కు చూద్దాం. కబడ్డీ ఆడుతూ పిలగాడు పడిపోయిండు అనుకో. చేతులు కాళ్లు కొంచెం కొట్టుకుంటయి. గుండె ఆగినప్పుడు గూడ మొదట్ల గట్ల అయితది. మనోళ్లు "ఫిట్స్" అంటరు, తాళం చెవుల గుత్తి తెచ్చి చేతుల పెడుతరు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తరు. నోరు తెరిచి గుర్రు గుర్రుమని అప్పుడొకటి అప్పుడొకటి ఊపిరి గుంజుతడు. "ఊపిరున్నది, ఏం గాదు" అంటరు. అది ఊపిరి కాదు, ఆఖరి గురక. నేను పోయిన ఊర్లల్ల ఈ గురక సంగతి తెల్వకనే నిమిషాలు పోగొట్టుకున్న తల్లిదండ్రులను చూసిన. వాళ్లకు చెప్పనీకి నా నోరు రాలే.

నిమిషాల లెక్క చానా కఠినంగ ఉంటది. ఛాతీ ఒత్తకుండ, షాక్ ఇయ్యకుండ పోయే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తగ్గుతది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బ తినుడు మొదలైతది. 108 బండి మనకు 2005 నుంచి ఉన్నది, వేలమందిని బతికించింది. కానీ మండల కేంద్రం 12 కిలోమీటర్లు ఉంటే ఎంత మంచి డ్రైవరన్నకైనా పావుగంట పడుతది. అంబులెన్స్ వచ్చే దాక ఆ పిలగాని గుండె పని ఎవరన్న చేతులతోని చెయ్యాలె. ఆ పని పేరే సీపీఆర్.

మనిషి పడిపోతే భుజాలు తట్టి పిలువున్రి. పలుకక, మామూలు ఊపిరి లేకపోతే ఒకరు 108 కొట్టి ఫోన్ స్పీకర్ల పెట్టున్రి. నేల మీద ఎల్లకిల పండవెట్టున్రి, మంచం మీద కాదు. రొమ్ము ఎముక నడుమ, కిందికి సగంల ఒక అరచెయ్యి మడమ పెట్టి, దాని మీద ఇంకో చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండ ఒత్తున్రి. ఐదారు సెంటీమీటర్లు లోపటికి దిగాలె. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారి ఛాతీని మల్ల పూర్తిగ పైకి రానియ్యాలె. రెండు నిమిషాలకొకసారి మనిషి మారుండ్రి, లేకుంటే చేతులు గుంజుతయి, ఒత్తుడు తేలికైతది. నోట్ల నీళ్లు పొయ్యొద్దు. "బొక్క ఇరిగితే?" అని అడుగుతరు. ఇరుగొచ్చు. ఇరిగిన బొక్క అతుకుతది.

ఏఈడీ అని ఒక డబ్బా ఉంటది. దాని అట్టలు ఛాతీకి అంటిస్తే అదే గుండె లయ చదివి, షాక్ అవసరముంటేనే ఇయ్యమంటది, లేకుంటే ఇయ్యదు. ఏం చెయ్యాల్నో నోటితోని చెప్తది. ట్రిప్పయిన స్టార్టర్‌ను మల్ల ఒత్తినట్టు. ధర లక్ష రూపాయలకు అటిటు. మన ఊర్లల్ల ఒక్క వినాయక చవితికి డీజేకు ఎంత పెడుతున్నమో మీకే ఎరుక.

ముందే పట్టుకోవచ్చు

ఇట్ల కూలిపోయే పిల్లలల్ల కొందరికి ముందుగాల గుర్తులు కనవడుతయి. పరుగెత్తుతుండంగనే కళ్లు తిరిగి పడుడు అన్నిటికంటే పెద్ద గుర్తు. ఆగినంక ఎండకు సొమ్మసిల్లుడు వేరు, పరుగు నడుమల కూలుడు వేరు. మనం రెండిటికి "పొద్దున ఏం తినలే" అనే ఒకటే మాట చెప్పుకుంటం. కసరత్తుల ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి గుండె దడ, ఇంట్ల చిన్న వయసులనే ఎవరన్న అకస్మాత్తుగ పోయి ఉండుడు, ఇవి ఉంటే ఈసీజీ, టూడీ ఎకో తీయించాలె.

కానిస్టేబుల్ 1600 మీటర్లకో, ఆర్మీ ర్యాలీకో తయారైతున్న తమ్ముళ్లకు ఇది మరీ ముఖ్యం. 2024ల జార్ఖండ్‌ల ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకు 10 కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా పిలగాండ్లు పాణాలు పోగొట్టుకున్నరు. నౌకరీ కోసం ఉరికేటోడు నొప్పి చెప్పుకోడు, చెప్తే లైన్ల నుంచి తీసేస్తరని భయం. ఆ భయానికి మందు పిలగాని కాడ లేదు, పరీక్ష పెట్టే సర్కారు కాడ ఉన్నది.

బడి పిల్లలకు ఏటా పరీక్షలు చెయ్యాలని 2013 నుంచే ఆర్‌బీఎస్‌కే అనే కేంద్ర పథకం నడుస్తున్నది. పుట్టుకతో వచ్చే గుండె జబ్బు, కీళ్లవాతంతోని వచ్చే గుండె జబ్బు రెండూ దాని జాబితాల ఉన్నయి. రెండోది పేదోళ్ల ఇండ్లల్లకే ఎక్కువ వస్తది. గొంతు నొప్పిని ఇడిసిపెడితే కొన్ని వారాలకు జ్వరం, కీళ్ల వాపు వస్తది. గుండె కవాటాలు మెల్లగ ఖరాబైతయి. మూడు వారాలకొక పెన్సిలిన్ సూదితోని ఆపగలిగే జబ్బు ఇది. మీ బడికి ఆ టీమ్ పోయినేడు వచ్చిందా? పిల్లల ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టిందా, రిజిస్టర్ల టిక్కు పెట్టి పోయిందా? పోయి అడుగున్రి.

బతికొచ్చిన పిల్ల సంగతి

బతికినోళ్ల గురించి మనం మాట్లాడం. పదహారేండ్ల పిల్లకు గుండె ఆగి మల్ల కొట్టుకుంటే ఆమె కథ అక్కడ అయిపోదు. మల్ల ఎప్పుడు ఆగుతదో అని రాత్రి నిద్ర పట్టది. కొందరికి చర్మం కింద ఐసీడీ అనే చిన్న మిషన్ పెడుతరు, లయ తప్పితే అదే షాక్ ఇస్తది. ఇంట్లోళ్లు భయంతోని బడి మాన్పిస్తరు. ఆడపిల్లయితే "బయట చెప్పకున్రి, రేపు సంబంధాలు రావు" అంటరు. దాచిపెడితే మందులు గూడ దాచుకొని మింగాలె, చెకప్‌కు దొంగతనంగ పోవాలె. దోస్తులకు తెల్వకపోతే మల్ల పడ్డనాడు ఎవరు ఒత్తుతరు? ఆమె జబ్బు సంగతి క్లాసు మొత్తానికి కాకున్నా, పక్క బెంచి పిల్లకు, పీఈటీ సారుకు తెలిసి ఉండాలె. అది ఆమె రక్షణ.

అడగాల్సింది ఏంది

డెన్మార్క్‌ల 2005 నుంచి బడులల్ల సీపీఆర్ నేర్పుడు తప్పనిసరి చేసిండ్రు. తర్వాతి ఏడు నుంచి డ్రైవింగ్ లైసెన్సుకు పోయేటోళ్లకు గూడ నేర్పిండ్రు. 2001ల పక్కనున్నోళ్లు సీపీఆర్ చేసింది నూటికి 21 కేసులల్ల, 2010కి అది 45 అయింది. నెల దాటి బతికినోళ్లు మూడున్నర శాతం నుంచి దాదాపు 11 శాతానికి పెరిగిండ్రు. ఆ దేశం ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ 2021ల గ్రౌండుల గుండె ఆగి పడ్డడు. గ్రౌండులనే సీపీఆర్ చేసిండ్రు, షాక్ ఇచ్చిండ్రు. ఐసీడీ పెట్టుకొని మల్ల దేశం తరఫున ఆడిండు.

మన తాన 2023 ఫిబ్రవరిల హైదరాబాద్‌ల ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద సీపీఆర్ చేసి ఒక మనిషిని బతికించిండు. అందరు మెచ్చిండ్రు. మార్చిలనే సర్కారు సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలువెట్టింది. మొదలువెట్టుడు మంచిదే. మీ జూనియర్ కాలేజీకి, మీ గురుకులానికి అది వచ్చిందా? 2023 డిసెంబర్‌ల ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచిండ్రు. అది గూడ మంచిదే. కానీ ఆ 10 లక్షలు దవాఖాన గడప దాటినోనికే. గ్రౌండు నుంచి గడప దాక ఉన్న పది నిమిషాలకు లక్ష రూపాయల డబ్బా పెట్టే బడ్జెట్ ఎవరి కాడ ఉన్నది?

ఇంకొక గుబులు, పోలీసు కేసు. సాయం చేసినోన్ని కాపాడే చట్టం 2019ల మోటారు వాహనాల చట్టంల చేర్చిండ్రు, కానీ అది రోడ్డు ప్రమాదాలకే. గుండె ఆగినోనికి సాయం చేసేటోనికి గూడ గసొంటి రక్షణే రాసి ఇయ్యాలె.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, వచ్చే గ్రామసభల మూడు ముచ్చట్లు కాయితం మీద రాసి ఇయ్యున్రి. ప్రతి ఉన్నత పాఠశాల, గురుకులం, జూనియర్ కాలేజీల ఏటా సీపీఆర్ శిక్షణ. మండలానికి కొన్నన్నా ఏఈడీలు, అవి బీరువాల తాళం పడి కాకుండ గోడకు వేలాడేటట్టు. ఉరుకుడు పరీక్షలు పెట్టే ప్రతి గ్రౌండు కాడ, పరుగుకు ముందు గుండె పరీక్ష, పరుగు కాడ ట్రైనింగ్ అయిన సిబ్బంది. సర్పంచ్ సంతకం తీసుకున్రి, రసీదు తీసుకున్రి. జవాబు రాకుంటే సమాచార హక్కు కింద అడుగున్రి.

అప్పటిదాక ఆగకున్రి. మీ యూత్ సంఘం పిలిస్తే పీహెచ్‌సీ డాక్టరమ్మనో, 108ల చేసే అన్ననో ఒక ఆదివారం వచ్చి చూపిస్తరు. బొమ్మ లేకుంటే గట్టి మెత్త మీద చేతులు పెట్టి నేర్చుకోవచ్చు. ఊరికి ఇరవై మందికి వచ్చిందంటే, ఏ వాడల ఎవరు పడ్డా పక్కన ఒకరన్న ఉంటరు.