తొలిరోజు వార్తే తుది తీర్పు కాకూడదు



1971 డిసెంబర్ 4 రాత్రి ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో బాంబు పేలి మెక్‌గర్క్స్ బార్ నేలమట్టమైంది. ఇద్దరు పిల్లలతో సహా 15 మంది ప్రాణాలు పోయాయి. బ్రిటిష్ పాలనపై పోరాడే ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ వాళ్ల బాంబే లోపల పేలిందని పోలీసులు, బ్రిటిష్ సైన్యం చెప్పిన మాటను పత్రికలు అచ్చేశాయి. చనిపోయినవాళ్ల మీదే నింద పడింది. ఆ వీధిలో పేపర్లు అమ్ముకునే ఎనిమిదేళ్ల పిల్లవాడు మాత్రం బయటి గుమ్మంలో ఒకడు బాంబు పెట్టడం కళ్లారా చూశాడు. పోలీసులకు చెప్పాడు కూడా. అయినా అధికారుల మాటే చెల్లింది. 1978లో యూవీఎఫ్ అనే ప్రత్యర్థి సాయుధ ముఠా సభ్యుడొకడు నేరం ఒప్పుకొని జైలుకు వెళ్లాడు. నాటి దర్యాప్తు పక్షపాతంతో సాగిందని, పోలీసులపై ఫిర్యాదులు విచారించే పోలీస్ అంబుడ్స్‌మన్ తేల్చేసరికి 2011 వచ్చింది.

1972 జనవరి 30న ఉత్తర ఐర్లండ్‌లోనే ఉన్న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు రోజున బ్రిటిష్ సైనికులు 13 మందిని కాల్చి చంపారు. గాయపడిన మరొకరు తర్వాత కన్నుమూశారు. తుపాకులు, బాంబులు పట్టినవాళ్లనే కాల్చామని సైన్యం ప్రకటించింది. ప్రభుత్వం జరిపించిన విడ్జరీ విచారణ చాలావరకు దానికే వత్తాసు పలికింది. మృతుల వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదని తర్వాత జరిగిన సావిల్ విచారణ 2010లో తేల్చింది. ఆ నింద తొలగడానికి 38 ఏళ్లు పట్టింది.

ఎదుటివారి మాట వినిపించకుండా చేసే తప్పు ఒక్క పక్షానిదే కాదు. తమవాణ్ణి హంతకుడిగా రాసిందని 1919 డిసెంబర్‌లో ఐఆర్ఏ వాళ్లు డబ్లిన్‌లో ఐరిష్ ఇండిపెండెంట్ పత్రిక అచ్చుయంత్రాలు పగలగొట్టారు. స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వమే 1971 నుంచి 1994 దాకా కొన్ని సంస్థల ప్రతినిధుల గొంతు ప్రసారం కాకుండా అడ్డుకుంది. 1988లో బ్రిటన్ ప్రభుత్వం కూడా అలాంటి నిషేధమే పెడితే, టీవీలో ఐఆర్ఏకు దగ్గరి రాజకీయ పార్టీ నేత జెర్రీ ఆడమ్స్ మాటలను నటులు చదివారు. ఒకరి గొంతు నొక్కితే వారి వాదన తప్పని రుజువు కాదు. దాన్ని విని, నిలదీసి, తూచే అవకాశం ప్రజలకు పోతుంది.

అందుకే కాల్పులు, పేలుళ్లు, అల్లర్ల వార్తల విషయంలో మన పత్రికలను, చానళ్లను ఈ నాలుగూ కోరుదాం:

1. అధికారుల ప్రకటనను ప్రకటనగానే రాయాలి. ఎవరు చెప్పారో శీర్షికలోనే తెలియాలి.
2. విచారణ పూర్తి కాకముందే మృతులకు నేరస్తులన్న ముద్ర వేయకూడదు.
3. ప్రత్యక్ష సాక్షులను, బాధిత కుటుంబాలను కలిశాకే కథనం ముగించాలి.
4. తప్పు జరిగితే సవరణను అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయాలి.

పాఠకులుగా మన బాధ్యతా ఉంది. ఆధారం లేని నింద అచ్చయిన రోజే సంపాదకుడికి ఉత్తరం రాయండి. జవాబు వచ్చేదాకా అడగండి. నిర్దోషి పేరు మీద పడిన మచ్చ చెరిగేందుకు ఇంకో కుటుంబం 38 ఏళ్లు ఎదురుచూడకూడదు.