జపాను వారి బియ్యపు మద్యము: మన వరి రైతులు గమనింపదగిన సంగతి

బోగోలు ప్రాంతపు రైతులకు తాటికల్లు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చెట్టునుండి దిగిన రసములోనే చక్కెర కలదు; అది తనంత తానే పులియును. బియ్యములో నున్నది పిండిపదార్థము. దానిని ముందు చక్కెరగా మార్చినగాని మద్యము కాదు. ఈ పనికి జపాను వారు 'కోజి' అనెడి ఒక జాతి బూజును వాడుదురు. ఆవిరిపై ఉడికిన బియ్యముపై బూజు పొడి చల్లి, వెచ్చని గదిలో సుమారు రెండు దినములుంచుదురు. తరువాత దానికి మరికొంత ఉడికిన బియ్యము, నీరు, ఈస్టు చేర్చి తొట్లలో పులియబెట్టుదురు. పిండి చక్కెరగను, చక్కెర మద్యముగను ఒకే తొట్టిలో ఏకకాలమున మారుచుండును. వడగట్టగా వచ్చునది 'సాకె'. సారావలె బట్టీలో కాచి దింపినది కాదు. సీసాలో సాధారణముగ 15, 16 శాతము ఆల్కహాలుండును.

దూబగుంట మహిళలు 1992లో సారాపై ఉద్యమము లేపిన జిల్లాలో వ్యవసాయోద్యోగి మద్యమును గూర్చి వ్రాయుటేమని కొందరడుగవచ్చును. లైసెన్సు లేక మద్యము చేయుట నేరము. త్రాగుడును పొగడుట నా పని కాదు. నేను చెప్పదలచినది గింజను గూర్చి.

సాకెకు పేరుపడిన వరి 'యమదా నిషికి'. హ్యోగో రాష్ట్ర పరిశోధనా కేంద్రములో 1923లో సంకరపరచి, 1936లో ఆ పేరు పెట్టిరి. పైరు పొడవు, పడిపోవు గుణము కలది. గింజ పెద్దది, దాని నడుమ తెలుపు ఉండును. మన మిల్లుదారులు పొట్టతెలుపు చూచి పుట్టికి ధర తగ్గింతురు. అక్కడ నడుమ తెలుపున్న గింజకే గిరాకి, ఏలయన బూజు ఆ భాగములోనికి సులభముగ పాకును. (రెండును ఒకటే యనుకొనరాదు. పొట్టతెలుపు గింజ ఒక ప్రక్కన ఉండును, మరలో విరుగును.) మేలురకపు సాకెకు గింజ పైభాగమును కనీసము 40 శాతము, అంతకంటె మేలైనదానికి కనీసము సగము, అరగదీసి తీసివేయుదురు. పైపొరలలో ఎక్కువగ నుండు మాంసకృత్తులు, క్రొవ్వు రుచిని చెరచును. కనుక అచ్చటి రైతులు పైరు చివరిదశలో నత్రజని వేయుటకు వెనుదీయుదురు. ఎదుటివాని చేను పచ్చగా కనిపించినంతనే మరియొక బస్తా యూరియా చల్లు మనవారు దీనిని ఆలోచింపవలెను.

ఇంత శ్రద్ధ ఎట్లు వచ్చెను? హ్యోగోలో కొన్ని గ్రామములు 19వ శతాబ్దపు చివరినుండి నాద ప్రాంతపు సాకె తయారీదారులతో ఒడంబడిక చేసికొనుచు వచ్చినవి. దీనిని 'మురమై', అనగా గ్రామపు బియ్యము, అందురు. ఎవరికొరకు పండించుచున్నదియు, వారికేమి కావలెననుటయు రైతునకు ముందే తెలియును.

మనకో, కల్లములో ధాన్యము పోసిన తరువాత కొనువానికొరకు చూచుట అలవాటైనది. అప్పుడు తేమ యనినను, నూక యనినను రైతు కాదనలేడు. మొలగొలుకుల పేరుతోనే నెల్లూరు బియ్యమునకు ఖ్యాతి వచ్చిన జిల్లా ఇది. నారు పోయకముందే ఊరిలోని రైతులు కలిసి ఒకే రకము నెన్నుకొని, గుణము, తేమ, తూకము, మద్దతు ధరకు తగ్గని ధర మిల్లుదారుతో కాగితముపై వ్రాయించుకొనవలెనని నా అభిప్రాయము. మిల్లుదారులు ఒప్పుకొనరందురు. ఒక్కని పది బస్తాలకు ఒప్పుకొనరు. ఊరంతటి ఒకే రకపు ధాన్యమునకు ఒప్పుకొనవచ్చును. కష్టమంతయు రైతుల వైపునుండియే కలదు: వ్రాసికొనిన పిమ్మట బజారు ధర పెరిగిన యెడల మరియొకరికి అమ్మకుండ నిలువవలెను. అట్టి సందర్భమున ధర నెట్లు సవరింతురో ఆ కాగితములోనే చేర్చుకొనిన పేచీ తగ్గును.